కడుపులో బల్ల

పిల్లలూ,

మొన్న ఒక ఆదివారం సాయంత్రం మా పొరుగున ఉండే ముసలమ్మ మా అరుగు మీద కూర్చుని తన చిన్నతనపు సంగతులు చెబుతున్నది. ఆమెకు 80 ఏళ్లు దాటినవి. మాటల మధ్య, "మా పెద్దన్నకు కడుపులో బల్ల ఉండేది. ఎంత తిన్నా ఒంటికి పట్టకపోయేది," అన్నది. ఐదో తరగతి చదివే మా మనమరాలు పకపకా నవ్వి, "కడుపులో బల్ల ఎట్లా పడుతుంది తాతయ్యా? మా బడిలో బల్ల మీద నలుగురం కూర్చుంటాం!" అన్నది.

ముసలమ్మ కోప్పడలేదు. "నీకు తెలవకపోవుడే మంచిది బిడ్డా," అన్నది.

ఒకప్పుడు మా వైపు ప్రతి ఇంటా వినబడిన మాట ఇవాళ పిల్లలకు నవ్వులాట అయింది. అది ఎట్లా జరిగిందో ఈ నెల చెబుతాను.

మాది అడవి అంచు. ఖమ్మం నుంచి తూర్పుగా బయలుదేరి కొత్తగూడెం బొగ్గు గనులు, పాల్వంచ దాటినకొద్దీ అడవి దగ్గరవుతుంది. గోదావరి దాటితే భద్రాచలం. అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా పోతే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. కొండలు, వాగులు, వెదురు పొదలు, ఇప్పచెట్లు, మధ్య మధ్య కోయ గూడేలు. ఇటువంటి ప్రాంతాన్ని పూర్వం మన్యం అనేవారు, తరవాత ఏజెన్సీ అన్నారు. ఏ పేరుతో పిలిచినా మైదానం వాళ్లకు ముందుగా గుర్తుకు వచ్చేది చలిజ్వరం, అంటే మలేరియా. ఇటు బదిలీ అయిన ఉద్యోగి ఇంట్లో ఏడుపులు కూడా సాగేవి.

ఇంతకూ బల్ల అంటే ఏమిటి? మన ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం అనే అవయవం ఉన్నది. పాడైపోయిన ఎర్ర కణాలను రక్తంలో నుంచి ఏరివేయటం దాని పనుల్లో ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాడి పొట్ట తడిమి చూస్తే సాధారణంగా అది చేతికి తగలదు. మలేరియా వచ్చినవాడి రక్తంలో ఎర్ర కణాలు లెక్కలేనన్ని పగిలిపోతవి. ఆ పని భారంతో ప్లీహం ఉబ్బుతుంది. జ్వరం మళ్లీ మళ్లీ వస్తూ ఉంటే అది పెరిగి, గట్టిపడి, బొడ్డు దాకా దిగుతుంది. నొక్కితే చెక్కలాగా తగులుతుంది. అందుకే దాన్ని బల్ల అన్నారు. పూర్వం డాక్టర్లు ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉన్నదో తెలుసుకోవాలంటే అక్కడి పిల్లలను వరసగా నిలబెట్టి పొట్టలు తడిమి చూసేవాళ్లు. వందమందిలో ఎందరికి బల్ల ఉన్నదనేదే వాళ్ల లెక్క.

మన ఇళ్లలో పెద్దవాళ్లు, "మా కాలంలో జొన్న గటక తిన్నాం, ఆరేడు మైళ్లు నడిచాం, మందూ మాకూ ఎరగం," అంటూ ఉంటారు గదా. అందులో నిజం లేకపోలేదు. జొన్నలు, కొర్రలు, సామలు తినటం, ఎక్కడికి పోవలసి వచ్చినా నడవటం, వేపపుల్లతో పళ్లు తోముకోవటం, పొద్దుగూకగానే తిని పడుకోవటం – ఇవన్నీ మంచి అలవాట్లే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరవాత గటక కుండ అటక ఎక్కింది. పేదవాడి ఇంట రెండు పూటలా అన్నం ఉడకటం చిన్న సంగతి కాదు. దాన్ని తప్పు పట్టేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే నడక పోయి, చిరుధాన్యాలు పోయి, ఇవాళ మా చిన్న పల్లెలో కూడా చక్కెర జబ్బుకు బిళ్లలు మింగేవాళ్లు కనబడుతున్నారు. దేశంలో ఈ జబ్బు ఉన్నవాళ్లు 10 కోట్లకు పైగా ఉంటారని 2023లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది.

కాని ఒక్క సంగతి మరువకూడదు. "మా కాలంలో మందే ఎరగం" అని చెప్పేవాళ్లంతా బతికి బట్టకట్టినవాళ్లు. ముసలమ్మ చెబుతుంది, వాళ్ల పెద్దన్న చెప్పడు. అతను తొమ్మిదో ఏటనే పోయాడు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇప్పుడు దాదాపు 70. సగటు 32 అంటే అందరూ ఆ వయసుకే పోయేవారని కాదు. పసివాళ్లు అంతమంది పోయేవారని.

మా తాతల కాలంలో చలిజ్వరానికి నీళ్లే కారణమనుకునేవారు. "నీళ్లు పడలేదు" అంటే మన్యం నీళ్లు తాగి జ్వరం వచ్చిందని అర్థం. ఇటలీ దేశం వాళ్లు చెడ్డగాలి వల్ల అనుకున్నారు. మలేరియా అన్న మాటకు వాళ్ల భాషలో అదే అర్థం. వీళ్లు వెర్రివాళ్లు కారు. వానలు పడి, గుంటలు నిండి, నీరు నిలిచిన తరవాతనే జ్వరాలు వస్తవి. కళ్లకు కనబడినది వాళ్లు సరిగానే చూశారు. నీటికీ జ్వరానికీ మధ్య ఉన్న మూడోవాణ్ణి మాత్రం పట్టుకోలేకపోయారు.

అయినా తెలియకుండానే కొన్ని మంచి పనులు చేశారు. పొద్దుగూకే వేళ పశువుల కొట్టంలో, ఇంటి ముందర వావిలాకు, వేపాకు పొగ వేసేవారు. ఒంటికి కానుగనూనె రాసుకునేవారు. దీపం పెట్టేలోపలనే అన్నాలు ముగించి, దుప్పటి ముసుగు పెట్టి పడుకునేవారు. మరి అదే మనిషి జొన్న చేను కంకి పట్టిన తరవాత అడవి పందులను తోలటానికి రాత్రంతా చేను నడుమ మంచె మీద పడుకునేవాడు! అక్కడ పొగా లేదు, గోడా లేదు. జ్వరం వస్తే నేలవేము కషాయం తాగేవాడు. చేదుగా ఉన్నదల్లా క్వినైను కాదు. అసలు క్వినైను సింకోనా అనే చెట్టు బెరడు నుంచి వస్తుంది. బ్రిటిషువారి కాలంలో దాన్ని చిన్న పొట్లాలు కట్టి పోస్టాఫీసుల్లో కూడా అమ్మించేవారు. పోస్టాఫీసే లేని గూడేనికి ఆ పొట్లం ఎట్లా చేరుతుంది?

ఇక ఆ మూడోవాడు మన తెలుగు గడ్డ మీదనే దొరికాడని మీకు తెలుసునా? 1880లో లవరాన్ అనే ఫ్రెంచి డాక్టరు మలేరియా సూక్ష్మజీవిని మనిషి రక్తంలో చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎట్లా పోతుందో మాత్రం ఎవరికీ తెలియలేదు. సికింద్రాబాదులో ఉన్న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడికి దోమల మీద అనుమానం. ఆయన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లోపలికి దోమలను వదిలి కుట్టించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. అణా అంటే రూపాయిలో 16వ వంతు. లోకంలో అందరూ దోమలు లోపలికి రాకుండా తెర కట్టుకుంటే, ఈయన బయటికి పోకుండా కట్టాడన్నమాట! తరవాత ఆ దోమలను ఒక్కొక్కదాన్నే కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. విపరీతమైన ఉక్క. పంకా ఊపిస్తే కోసిన దోమలు ఎగిరిపోతవి. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి. చివరకు 1897 ఆగస్టు 20న, మచ్చల రెక్కలు గల ఒక దోమ పొట్టగోడలో ఆ సూక్ష్మజీవి ఆయనకు కనబడింది. ఆ దోమనే అనాఫిలిస్ అంటారు. రాసుకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పని చేసిన భవనం హైదరాబాదు బేగంపేటలో ఇప్పటికీ ఉన్నది. మీరు ఆ వైపు వెళ్లినప్పుడు మీ నాన్నగారిని అడిగి చూడండి.

కారణం తెలిసిన తరవాత కూడా మా అడవికి మేలు జరగటానికి అర్ధశతాబ్దం పట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దేశంలో సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చిందనీ, 8 లక్షల మంది చనిపోయారనీ అంచనా. 1953లో ప్రభుత్వం డి.డి.టి. అనే మందును ఇళ్ల గోడల మీద చల్లించటం మొదలుపెట్టింది. రక్తం తాగిన దోమ బరువుతో వెళ్లి గోడ మీద వాలుతుంది. గోడకు మందు ఉంటే అక్కడే చస్తుంది.

మా అమ్మ చెప్పేది: "మలేరియా వాళ్లు" పంపులతో వస్తున్నారంటే ఊరంతా ఎదురు వెళ్లేదట. మలేరియా మీది భయంతో కాదు. డి.డి.టి.తో మంచాల్లోని నల్లులు కూడా చచ్చేవి! ఆడవాళ్లు నులకమంచాలు తామే వాకిట్లో నిలబెట్టి, "వీటికి కూడా కొట్టండయ్యా," అని బతిమాలేవారట. తరవాత తరవాత, ఇంటింటికీ వచ్చి జ్వరం ఉన్నవాళ్ల వేలు పొడిచి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకునే ఉద్యోగులు ఏర్పడ్డారు. వచ్చిన తేదీని గోడ మీద రాసిపోయేవారు. ఈ విధంగా 1965 నాటికి దేశంలో మలేరియా కేసులు సుమారు లక్షకు తగ్గినవి. ఆ ఏడు మలేరియాతో చావు ఒక్కటి కూడా లెక్కకు రాలేదు. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన కూడా 1965లోనే అయింది. ఇక మన్యానికి మంచిరోజులు వచ్చినవని అందరూ సంతోషించారు.

ఇక్కడనే కథ అడ్డం తిరిగింది. కొన్నాళ్లకు నల్లులు ఆ మందుకు అలవాటు పడి చావటం మానినవి. నల్లులు చావనప్పుడు ఈ కంపు మందు మాకెందుకని తలుపులకు గొళ్లేలు పడినవి. చల్లించుకున్నవాళ్లు కూడా గోడల మీద తెల్లటి చారలు చూడలేక, పండగ వస్తున్నదని ఎర్రమట్టితో అలికేసేవారు. మా అమ్మ కూడా ఒక దసరాకు ముందు అదే పని చేసింది. మట్టి పిసికి ఇచ్చినవాణ్ణి నేనే. మందు మీద మట్టి పడితే దోమకు మళ్లీ మామూలు గోడే గదా! దోమలు కూడా మందుకు లొంగకుండా తయారైనవి. పై వాళ్లు కూడా, పోయిన రోగానికి డబ్బు ఎందుకన్నట్టుగా అశ్రద్ధ చేశారు. 1976లో దేశంలో మళ్లీ 64 లక్షలకు పైగా కేసులు తేలినవి. సింహళద్వీపంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఇంకా విచిత్రం జరిగింది. 1963లో ఆ దేశం మొత్తం మీద 17 కేసులే ఉండగా, 1968, 69 నాటికి లక్షల్లోకి పోయినవి. జ్వరం పోయింది గదా అని అలవాటు మానారు. అలవాటు మానగానే జ్వరం వచ్చి కూర్చున్నది. (శ్రీలంక వాళ్లు ఆ దెబ్బను మరిచిపోకుండా పట్టుబట్టి పని చేసి, 2016లో మలేరియా లేని దేశం అనిపించుకున్నారు.)

నేను 1980ల నడుమ అడవి లోపలి ఒక బడికి పంతులుగా వెళ్లాను. మొదటి వానాకాలంలోనే నాకు జ్వరం తగిలింది. ముందు పళ్లు టకటకలాడే చలి, తరవాత పెనం మీద కూర్చున్నట్టు వేడి, ఆ తరవాత పక్క తడిసేటంత చెమట. మరునాడు ఏమీ లేదు! ఆ మరునాడు మళ్లీ అదే వేళకు చలి. బిళ్లలు ఇచ్చారు. మూడు రోజుల్లో లేచి తిరిగాను. మిగిలిన బిళ్లలను కిటికీ గూట్లో పెట్టి మరిచిపోయాను. సంక్రాంతి దాటిన తరవాత, మా చెల్లెలి పెళ్లి నాడు, పందిట్లోనే నాకు మళ్లీ చలి పుట్టింది. ఈ రకం మలేరియా సూక్ష్మజీవులు కొన్ని కాలేయంలో దాక్కుని నెలల తరబడి నిద్రపోతవి. వాటిని చంపే మందును ఇప్పుడు 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గినా పూర్తిగా మింగాలి. లెక్కలు చెప్పే పంతులుకు బిళ్లల లెక్క తప్పింది.

ఆ మరుసటి ఏడు జరిగినది ఇంకొకటి ఉన్నది. చెప్పాలా వద్దా అని చాలాసేపు అనుకున్నాను.

మూడో తరగతిలో ఒక కుర్రవాడు. చెట్లు ఎక్కటంలో అందరికంటె మొనగాడు. ఒకనాడు పాఠం మధ్యలో వణుకుతున్నాడు. "పో, ఎండలో కూర్చో," అన్నాను. మా వైపు చలిజ్వరం వచ్చిన పిల్లలు ఎండలో కూర్చోవటం మామూలే. నాకు వచ్చి పోయినదే వీడికీ వచ్చింది గదా అనుకున్నాను. రెండోనాడు కూడా బడికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తరవాత రెండు రోజులు రాలేదు. ఇద్దరు పిల్లలను పంపితే, "మాట్లాడతలేడు సార్, పండుకొనే ఉన్నడు," అని చెప్పారు. నేను వెళ్లేసరికి వెజ్జు మంత్రం వేసి వెళ్లాడు. పిల్లవాడికి స్పృహ లేదు. మంచానికి కర్రలు కట్టి నలుగురం మోసుకుని బయలుదేరాం. వాగు పొంగి ఉన్నది. ఆ రాత్రి ఒడ్డునే కూర్చున్నాం. తెల్లవారేసరికి నీరు తీసింది. అప్పటికి పిల్లవాడు పోయాడు.

అది ఫాల్సిపరం అనే రకం. మామూలు జ్వరం లాగానే మొదలై, కొద్ది రోజుల్లోనే మెదడుకు ఎక్కుతుంది. మంత్రం వేసిన వెజ్జును అప్పుడు చాలా తిట్టుకున్నాను. అతనికి తెలిసినది అతను చేశాడు. రక్తపు చుక్క సంగతి తెలిసీ రెండు రోజులు ఎండలో కూర్చోబెట్టినవాణ్ణి నేను. హాజరు పట్టీలో ఆ పేరు ఎదురుగా నేను సెలవు వేసిన రెండు గళ్లు ఇప్పటికీ నాకు కనబడుతూనే ఉంటవి.

ఇప్పుడు రోజులు మారినవి. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరనే చిన్న పరీక్ష పట్టీ ఉంటుంది. వేలు పొడిచి చుక్క వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది. ఫాల్సిపరానికి కొత్త మందు వచ్చింది. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త, సుమారు 1,600 ఏళ్ల నాటి ఒక వైద్యగ్రంథంలో జ్వరానికి చెప్పిన ఒక మొక్కను తీసుకుని, పదే పదే పరీక్షించి, అందులోని సారం పట్టుకున్నది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి ఇచ్చారు. తాతల నాటి మాటను ఆమె పారవేయలేదు. కళ్లు మూసుకుని నమ్మనూ లేదు. మన దేశంలో 2015లో 11 లక్షల 69 వేలుగా ఉన్న మలేరియా కేసులు 2023లో 2 లక్షల 27 వేలకు తగ్గినవి. 2030 నాటికి బొత్తిగా లేకుండా చేయాలని ప్రభుత్వం సంకల్పం.

సరిగ్గా ఇటువంటి వేళనే నాకు 1965 గుర్తుకు వస్తుంది. మందు పట్టించిన దోమతెరలు ఇంటింటికీ ఇచ్చారు. మొన్న మా ఊళ్లో ఒక చుట్టు తిరిగి వచ్చాను. ఒక తెర కోళ్లగూటికి కట్టి ఉన్నది. ఒకటి వాగులో చేపలు పట్టటానికి పోయింది. ఒకటి కొత్తదే, పెట్టెలో భద్రంగా ఉన్నది. చుట్టాలు వస్తే తీస్తారట! కట్టుకున్నవాళ్లు సరిగా కట్టుకున్నారు. కాని పది, పదకొండు గంటల దాకా ఇంటిల్లిపాదీ తెర బయటనే ఉంటారు. పెద్దలు టెలివిజను ముందర, పిల్లలు ఫోను ముందర. అనాఫిలిస్ దోమ చీకటి పడిన దగ్గర నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. తాతలకు తెర లేదు గాని పొద్దుగూకగానే ముసుగు ఉండేది. మనకు తెర ఉన్నది, లోపల మనిషి లేడు. ఆ తెరను మాటిమాటికీ ఉతికినా, ఎండలో ఆరవేసినా మందు పోతుంది. చన్నీళ్లలో జాడించి నీడన ఆరవేయాలి.

మిరపకాయ ఏరే రోజుల్లో సరిహద్దు అవతలి నుంచి వందలాది కూలీలు పిల్లాపాపలతో వచ్చి మన చేలల్లోనే పడుకుంటారు. బస్తరు వైపు కూడా 2020 నుంచి ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు చేస్తున్నారు గాని, అక్కడ ఈ జ్వరం ఇంకా ఉన్నది. వాళ్లకు ఒక్కొక్క తెర ఇచ్చిన రైతు తన పిల్లలకు ఇచ్చుకున్నట్టే. ఇక డెంగీ దోమ కథ వేరు. అది పగలు కుడుతుంది, కూలర్లలో, పాత టైర్లలో, తొట్లలో పెరుగుతుంది. దాని గురించి మరొకసారి రాస్తాను.

వానలు పడిన వారం పది రోజుల తరవాత మీరు ఒక పని చేయండి. పెద్దవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లాలి; లోతు నీళ్ల దగ్గరికి పోకూడదు. పొడుగాటి కర్రకు తెల్లటి గరిటె కట్టి, ఇంటి చుట్టుపక్కల నిలిచిన నీటిని మెల్లగా ముంచి చూడండి. సన్నటి పురుగులు కదులుతూ ఉంటవి. నీటి పైభాగాన అడ్డంగా, పుల్ల పడుకున్నట్టు ఉంటే అది అనాఫిలిస్ పిల్ల. తోక పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతూ ఉంటే వేరే దోమది. చూడటం అయిన తరవాత ఆ నీటిని పొడినేల మీద పారబోస్తే పురుగులు చస్తవి.

మా మనమరాలు ఈ ఏడు మొదటి వానలకే ఈ పని చేసింది. పశువుల కొట్టం వెనక గుంటలో అడ్డంగా పడుకున్నవి నాలుగు దొరికినవి. గరిటెను జాగ్రత్తగా పట్టుకు వచ్చి ముసలమ్మకు చూపింది. ముసలమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "గింతే ఉన్నదా!" అన్నది. తరవాత గరిటె తానే తీసుకుని వాకిట్లో మట్టి మీద వంచింది.

మీకు ఏ గుంటలో ఏ రకం దొరికినదో, ఆ గుంటను ఎవరు పూడ్చారో నాకు రాయండి.